డెస్క్‌టాప్‌కి తగిలించే ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లకు పవర్ సరిగా అందించడం ఎలా? పూర్తి మార్గదర్శి

డ్రైవ్ పెట్టగానే కంప్యూటర్ ‘టుడుంగ్’ అంటుంది. ఫోల్డర్లు కనిపిస్తాయి. పెద్ద ఫైలు కాపీ పెట్టిన రెండో నిమిషంలో డ్రైవ్ మాయం. మళ్లీ ‘టుడుంగ్’, మళ్లీ ప్రత్యక్షం. ‘డ్రైవ్ పోయినట్టేనా?’ అని అడిగేవాళ్లను నేను ముందుగా అడిగేది ఒకటే: ‘దాన్ని ఎక్కడ పెట్టారు?’ ఎక్కువసార్లు వచ్చే జవాబు, ‘క్యాబినెట్ ముందున్న పోర్టులో’.

ఇలాంటి డ్రైవ్‌లలో చాలావాటికి జబ్బేమీ ఉండదు. తిండి చాలక నీరసపడి ఉంటాయి.

పని మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. పవర్ సంగతి తేలేదాకా ఆ డ్రైవ్ మీద చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రాం) నడపొద్దు. విండోస్ ‘ఫార్మాట్ చేయాలా?’ అని అడిగితే క్యాన్సిల్ కొట్టండి. రిపేర్ సాఫ్ట్‌వేర్ డ్రైవ్ మీద రాస్తుండగా పవర్ పడిపోతే, అప్పటిదాకా బాగున్న ఫైళ్ల పట్టిక కూడా దెబ్బతింటుంది. పవర్ ముందు, రిపేర్ తర్వాత.

1. మీ డ్రైవ్ ఏ రకమో తేల్చుకోండి

డ్రైవ్‌ను తిప్పి వెనకున్న లేబుల్ చదవండి. వోల్టులు, ఆంప్స్ అక్కడే రాసి ఉంటాయి. లేబుల్ చెరిగిపోతే సైజును బట్టి చెప్పొచ్చు.

- అరచేతిలో పట్టే పోర్టబుల్ హార్డ్ డిస్క్: లోపల 2.5 అంగుళాల డిస్క్. 5 వోల్టులు చాలు, యూఎస్‌బీ నుంచే తీసుకుంటుంది.
- చిన్న ఇటుకంత ఉండే డెస్క్‌టాప్ డ్రైవ్: లోపల 3.5 అంగుళాల డిస్క్. 5 వోల్టులతో పాటు 12 వోల్టులు కూడా కావాలి. అందుకే విడిగా అడాప్టర్ ఇస్తారు.
- సాటా ఎస్‌ఎస్‌డీ (మోటారు లేని, చిప్‌ల మీద రాసే డ్రైవ్; సాటా అంటే డిస్క్‌ని కంప్యూటర్‌కి కలిపే మామూలు పద్ధతి): 5 వోల్టులు. వీటిలో మామూలుగా పవర్ గొడవ ఉండదు.
- ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (ఇంకా వేగంగా పనిచేసే రకం) పెట్టిన ఎన్‌క్లోజర్, అంటే డ్రైవ్‌ని ఉంచే డబ్బా: చూడటానికి చూయింగ్ గమ్ ప్యాకెట్టంత, తినడం మాత్రం 2.5 అంగుళాల డిస్క్ కంటే ఎక్కువే. పెద్ద ఫైళ్లు రాస్తున్నప్పుడు 5 వాట్లు దాటేవి చాలా ఉన్నాయి.

తిరిగే డిస్క్‌ల విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. బోరు మోటారు స్విచ్ వేసిన క్షణాన ఇంట్లో బల్బు ఒక్కసారి మసకబారడం చూసే ఉంటారు. హార్డ్ డిస్క్‌లో ఉన్నదీ మోటారే. తిరుగుడు అందుకునే ఆ కొద్ది సెకన్లలో మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. 2.5 అంగుళాల డిస్క్ ఆ క్షణంలో 1 ఆంప్ దాకా అడగొచ్చు. 3.5 అంగుళాలది 12 వోల్టుల లైన్‌లో 1.5 నుంచి 2 ఆంప్స్ దాకా పోతుంది. తిరుగుడు అందుకున్నాక రెండూ అందులో సగం కూడా తినవు.

కాబట్టి లెక్క ఎప్పుడూ మొదలయ్యే క్షణానికి వేయాలి. ‘కాపీ అయ్యేటప్పుడు బాగానే ఉంది, పెట్టినప్పుడే మొరాయిస్తోంది’ అనే ఫిర్యాదుకు కారణం ఇదే.

2. మీ పోర్టు ఎంత ఇవ్వగలదో చూడండి

- యూఎస్‌బీ 2.0 పోర్టు (సాధారణంగా నల్లది లేదా తెల్లది): 5 వోల్టుల దగ్గర 0.5 ఆంప్, అంటే 2.5 వాట్లు.
- యూఎస్‌బీ 3 పోర్టు (సాధారణంగా నీలం): 0.9 ఆంప్, అంటే 4.5 వాట్లు.
- టైప్-సీ పోర్టు: కొన్ని 1.5 ఆంప్స్, కొన్ని 3 ఆంప్స్ ఇస్తాయి. డెస్క్‌టాప్‌లో ఉన్న ప్రతి టైప్-సీ పోర్టూ 3 ఆంప్స్ ఇస్తుందని అనుకోవద్దు. మదర్‌బోర్డు మాన్యువల్‌లో చూసుకోవాలి.

ఇవి ప్రమాణం ప్రకారం ఇవ్వాల్సిన లెక్కలు. మంచి మదర్‌బోర్డులు వెనక పోర్టుల్లో కొంచెం ఎక్కువ లాగినా ఓర్చుకుంటాయి. అందుకే 0.5 ఆంప్ పోర్టులో కూడా పోర్టబుల్ డిస్క్ ఒక్కోసారి తిరిగేస్తుంది. పని చేసింది కదా అని దాన్నే నమ్ముకుంటే, ఏదో ఒక రోజు కీబోర్డు, వెబ్‌క్యామ్, ఫోన్ ఛార్జింగ్ అన్నీ కలిసినప్పుడు చెయ్యిస్తుంది.

రంగును కూడా పూర్తిగా నమ్మకండి. అది ఆనవాయితీ మాత్రమే. పోర్టు పక్కన ‘ఎస్‌ఎస్’ అనే అక్షరాలు ఉంటే అది యూఎస్‌బీ 3.

ముందు పోర్టులు, వెనక పోర్టులు ఒకటి కావు. వెనకవి నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి. ముందువి క్యాబినెట్ లోపల సన్నటి కేబుల్ ద్వారా మదర్‌బోర్డుకు వెళ్తాయి. చవక క్యాబినెట్లలో ఆ కేబుల్ ఎంత నాసిగా ఉంటుందో ఒకసారి పక్క డోరు తీసి చూస్తే తెలుస్తుంది. మానిటర్‌కి ఉన్న యూఎస్‌బీ, కీబోర్డుకి ఉన్న యూఎస్‌బీ అయితే హార్డ్ డిస్క్ కోసం అసలు తలచుకోవద్దు.

3. కేబుల్‌ను అనుమానించండి

అందరూ దాటేసే చోటు ఇదే. కేబుల్ లోపలి రాగి తీగ ఎంత సన్నగా ఉంటే దారిలో అంత వోల్టేజీ పోతుంది.

చిన్న లెక్క చూద్దాం. చవక కేబుళ్లలో పవర్ తీగ తరచుగా 28 గేజ్ (తీగ లావు చెప్పే అంకె) ఉంటుంది. దాని నిరోధం మీటరుకు సుమారు 0.21 ఓమ్. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి, కాబట్టి 1 మీటరు కేబుల్‌కి 0.42 ఓమ్. అందులో 0.9 ఆంప్ పారితే దాదాపు 0.38 వోల్టు దారిలోనే పోతుంది. పోర్టు దగ్గర 5 వోల్టులున్నా డ్రైవ్ దగ్గరకు వచ్చేది 4.62. చాలా డిస్క్‌లు 5 వోల్టుల్లో 5 శాతం దాకానే తేడా ఒప్పుకుంటాయి, అంటే 4.75 కంటే తగ్గకూడదు. 2 మీటర్ల కేబుల్ పెడితే 4.24కి పడిపోతుంది. దాని మీద ఇంకో ఎక్స్‌టెన్షన్ కేబుల్ తగిలిస్తే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి.

అదే 24 గేజ్ తీగ ఉన్న కేబుల్ అయితే 1 మీటరుకు పోయేది 0.15 వోల్టే.

- డ్రైవ్‌తో వచ్చిన పొట్టి కేబుల్ పారేయకండి. అది 30, 40 సెంటీమీటర్లే ఉండటం పిసినారితనం అనుకుంటాం గానీ, కావాలనే అలా ఇస్తారు.
- కొత్తది కొంటే అర మీటరు లోపు తీసుకోండి. కేబుల్ తొడుగు మీద గేజ్ అంకె అచ్చేసి ఉంటే పవర్ తీగది 24 కానీ అంతకంటే చిన్న అంకె కానీ ఉన్నది ఎంచుకోండి. అంకె చిన్నదైతే తీగ లావు.
- పోర్టబుల్ డ్రైవ్‌ల వెడల్పాటి పిన్ను త్వరగా లూజవుతుంది. కేబుల్ కొద్దిగా కదిపితే డ్రైవ్ పోయి వస్తుంటే ముందు కేబుల్ మార్చండి.

4. పోర్టబుల్ డిస్క్ తిరగకపోతే: ఈ వరుసలో వెళ్లండి

పోయినేడాది మా ఇంట్లోనే జరిగింది. మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్ వీడియోలు 2 టీబీ పోర్టబుల్ డిస్క్‌లో ఇచ్చారు. ముందు పోర్టులో పెట్టాను. లైటు వెలిగింది. చెవి దగ్గర పెట్టుకుంటే ‘జ్‌జ్‌... టిక్’, ఒక క్షణం ఆగి మళ్లీ ‘జ్‌జ్‌... టిక్’. మోటారు తిరగబోతోంది, కరెంటు చాలక ఆగిపోతోంది, మళ్లీ ప్రయత్నిస్తోంది. పక్కనుంచి మా అక్క టెన్షన్. వెనక పోర్టులో పెట్టగానే సన్నగా, ఎడతెగని ‘స్‌స్‌స్’ శబ్దం. పదిహేను సెకన్లలో ఫోల్డర్లు వచ్చేశాయి. ఆ రెండు శబ్దాల తేడా ఒకసారి చెవికి పట్టిందంటే ఇక మీటరు అక్కర్లేదు.

మీరు చేయాల్సింది:

1. ‘టిక్ టిక్’ వినపడగానే డ్రైవ్ తీసేయండి. ‘ఇంకోసారి చూద్దాం’ అని అలాగే వదిలేయొద్దు.
2. ముందు పోర్టులో ఉంటే వెనక నీలం పోర్టులోకి మార్చండి.
3. హబ్ (ఒక యూఎస్‌బీ పోర్టును పలు పోర్టులుగా చేసే పెట్టె), ఎక్స్‌టెన్షన్ కేబుల్ మధ్యలో ఉంటే తీసేసి నేరుగా పెట్టండి.
4. పొట్టి కేబుల్‌తో ప్రయత్నించండి.
5. యూఎస్‌బీ నుంచి పవర్ తాగే మిగతావి (ఫోన్, చిన్న ఫ్యాను, వెబ్‌క్యామ్, ఇంకో డ్రైవ్) తీసేసి చూడండి.
6. అప్పటికీ కాకపోతే ఇంకో కంప్యూటర్‌లో పెట్టండి. అక్కడ బాగుంటే తప్పు మీ డెస్క్‌టాప్ వైపే. పాతబడ్డ ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్ లోపలి పవర్ సప్లై) 5 వోల్టుల లైన్‌ను నిలబెట్టలేకపోవడం కూడా ఉంటుంది.
7. కంప్యూటర్ పాతది, యూఎస్‌బీ 2.0 తప్ప లేదు అంటే రెండు దారులు: వై కేబుల్, లేదా అడాప్టర్ ఉన్న పవర్డ్ హబ్.

వై కేబుల్‌కి కంప్యూటర్ వైపు రెండు పిన్నులుంటాయి. ఒకటి డేటా, పవర్ రెండూ తెస్తుంది, రెండోది పవర్ మాత్రమే. యూఎస్‌బీ ప్రమాణం దీన్ని ఒప్పుకోదు, కానీ పాత కంప్యూటర్లలో పని గడుస్తుంది. పవర్ పిన్ను ముందు పెట్టి, డేటా పిన్ను తర్వాత పెట్టండి. రెండూ ఒకే కంప్యూటర్‌లో, పక్కపక్క పోర్టుల్లో ఉండాలి. రెండో పిన్నును గోడకున్న ఫోన్ ఛార్జర్‌లో పెట్టే అలవాటు మానుకోండి. ఆ ఛార్జర్ నుంచి కంప్యూటర్ పోర్టులోకి కరెంటు ఎదురెక్కే ప్రమాదం ఉంది.

ఎన్‌వీఎంఈ ఎన్‌క్లోజర్‌కి వై కేబుల్ జోలికి వెళ్లకండి. వెనకున్న టైప్-సీ పోర్టు, దానితో వచ్చిన కేబుల్, అంతే.

5. అడాప్టర్‌తో నడిచే 3.5 అంగుళాల డ్రైవ్, డాక్

నేను డబ్బు తగలేసుకున్నది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మా టేబుల్ సొరుగులో నల్లటి అడాప్టర్లు నాలుగు చుట్టుకుపోయి ఉండేవి. ఒకటి డాక్‌ది (విడి డిస్క్‌ని గుచ్చి యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపే పీఠం), 12 వోల్టులు. ఇంకొకటి పాత మానిటర్‌ది, 19 వోల్టులు. రెండింటి పిన్నూ ఒకే లావు, ఒకే పొడవు. రాత్రిపూట హడావుడిలో మానిటర్‌ది తీసి డాక్‌కి పెట్టాను. ‘టప్’మని చిన్న శబ్దం, ఆ వెంటనే కాలిన వాసన. డాక్ పోయింది, అందులో ఉన్న 4 టీబీ డ్రైవ్ సర్క్యూట్ బోర్డు కూడా పోయింది. ఆ మర్నాడే తెల్ల ప్లాస్టర్ ముక్కలు చుట్టి ప్రతి అడాప్టర్ మీదా ‘డాక్ 12’, ‘మానిటర్ 19’ అని మార్కర్‌తో రాశాను. మీరు ఈ పని ఈరోజే చేయండి. పిన్ను దూరినంత మాత్రాన అది సరైన అడాప్టర్ అయిపోదు.

అడాప్టర్ మార్చాల్సి వస్తే చూడాల్సినవి, ఈ వరుసలోనే:

- వోల్టులు: అచ్చం అదే అంకె ఉండాలి. 12 అంటే 12. ‘దగ్గర దగ్గరగా ఉంది కదా’ అనే మాట ఇక్కడ చెల్లదు.
- పోలారిటీ: లేబుల్ మీద మధ్యలో చుక్క, చుట్టూ అర్ధచంద్రం లాంటి గీత, వాటికి ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి. చాలావరకు మధ్య పిన్ను ప్లస్. డ్రైవ్ మీదున్న గుర్తు, అడాప్టర్ మీదున్న గుర్తు ఒకటేనా చూడండి.
- ఆంప్స్: పాతదానితో సమానంగా కానీ, ఎక్కువగా కానీ ఉండాలి. 2 ఆంప్స్ చోట 3 ఆంప్స్ పెడితే డ్రైవ్ కాలిపోతుందేమో అని చాలామంది భయపడతారు. కాలదు. డ్రైవ్ తనకు కావాల్సినంతే లాక్కుంటుంది. తక్కువది పెడితేనే ఇబ్బంది.
- పిన్ను: బయటి కొలత 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. 2.5 రంధ్రం ఉన్నది 2.1 సాకెట్‌లో దూరుతుంది గానీ వదులుగా ఉండి, కదిలినప్పుడల్లా పవర్ తెగుతుంది.
- బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు: అడాప్టర్ మీద ఆ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నవి తీసుకోండి.

ఎన్ని ఆంప్స్ కావాలి? ఒక్క డ్రైవ్ పట్టే డాక్‌కి 12 వోల్టులు, 2 ఆంప్స్ కనీసం. రెండు డ్రైవ్‌ల డాక్‌కి 3 ఆంప్స్ లేదా ఎక్కువ. రెండు డ్రైవ్‌లూ ఒకేసారి మోటారు తిప్పడం మొదలుపెడితే 3 కూడా ఇరుకే. అందుకే ఒకటి పెట్టి, అది తిరుగుడు అందుకున్నాక రెండోది పెట్టండి.

కొనడానికి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లినా, మీ ఊరి షాపుకు వెళ్లినా పాత అడాప్టర్, డ్రైవ్ బాక్సు రెండూ వెంట తీసుకెళ్లండి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే పిన్ను లోపలి కొలత తెలియదు.

అడాప్టర్ ముసలిదైతే ఇంకో మాయ చేస్తుంది. మల్టీమీటర్ పెడితే చక్కగా 12 చూపిస్తుంది, డ్రైవ్ తగిలించగానే కుంగిపోతుంది. లోపల కెపాసిటర్లు ఎండిపోతే ఇలా అవుతుంది. మీటరు చూసి ‘అడాప్టర్ బాగానే ఉంది’ అని తేల్చేయకండి. అదే కొలత ఉన్న ఇంకో అడాప్టర్‌తో ఒకసారి నడిపి చూడటమే సరైన పరీక్ష.

సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే చిన్న కేబుల్ కొని, దానికి 3.5 అంగుళాల డిస్క్ పెట్టి ‘తిరగట్లేదు’ అనేవాళ్లూ ఉన్నారు. అడాప్టర్ సాకెట్ లేని ఆ కేబుళ్లు 2.5 అంగుళాల డ్రైవ్‌లకే.

ఇక నా అభిప్రాయం ఒకటి. డ్రైవ్ ఎప్పుడూ ఆ టేబుల్ మీదే ఉంటుంది, ఎక్కడికీ తీసుకెళ్లరు అంటే దాన్ని బయట ఎందుకు పెట్టడం? మామూలు 3.5 అంగుళాల సాటా డిస్క్ కొని క్యాబినెట్ లోపల బిగించండి. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే సాటా కనెక్టర్‌కే నేరుగా ఇవ్వండి. అడాప్టర్ గొడవ, కేబుల్ గొడవ రెండూ తీరిపోతాయి. సాటా కనెక్టర్లు అయిపోయాయని మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్) నుంచి మార్చే, తీగల చుట్టూ ప్లాస్టిక్ అచ్చుపోసిన చవక కనెక్టర్లు మాత్రం వాడొద్దు. లోపల తీగలు దగ్గరపడి షార్ట్ అయి కాలిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

6. పవర్డ్ హబ్ ఎంచుకోవడం

రెండుకు మించి పోర్టబుల్ డ్రైవ్‌లు ఒకేసారి పెట్టాలంటే హబ్‌కి సొంత అడాప్టర్ ఉండాలి. అడాప్టర్ లేని హబ్ ఎన్ని పోర్టులు చూపించినా, కంప్యూటర్ ఇచ్చే ఆ 4.5 వాట్లనే అన్నిటికీ పంచుతుంది.

లెక్క సులభం. ఒక్కో డిస్క్‌కి 5 వాట్లు వేసుకోండి. నాలుగు డిస్క్‌లకు 20 వాట్లు, అంటే 5 వోల్టుల దగ్గర 4 ఆంప్స్, లేదా 12 వోల్టుల దగ్గర 2 ఆంప్స్ ఉన్న అడాప్టర్. ఏడు పోర్టులు ఉండి 5 వోల్టులు 2 ఆంప్స్ అడాప్టర్ ఇచ్చే హబ్‌లు కనిపిస్తాయి. అవి మౌస్, కీబోర్డులకు సరిపోతాయి.

కొన్నాక ఒక పరీక్ష చేయండి. హబ్ అడాప్టర్ ఆన్‌లో ఉంచి, కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, వెనక మెయిన్ స్విచ్ కూడా ఆపేయండి. అప్పటికీ కంప్యూటర్‌లో లైట్లు మినుకుమంటున్నా, ఫ్యాను కొద్దిగా కదులుతున్నా ఆ హబ్ కరెంటును వెనక్కి తోస్తోందన్నమాట. వాపస్ ఇచ్చేయండి.

7. గోడ వైపు సంగతి: యూపీఎస్, ఇన్వర్టర్, ఎర్తింగ్

మన ఇళ్లలో ఎక్కువగా జరిగే తప్పు ఇది. కంప్యూటర్‌కి యూపీఎస్ ఉంటుంది. డ్రైవ్ అడాప్టర్ మాత్రం సాకెట్ దొరక్క గోడకో, మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుకో వెళ్తుంది. కరెంటు పోతుంది. కంప్యూటర్ దర్జాగా నడుస్తుంటుంది, డ్రైవ్ చచ్చిపోతుంది, కాపీ అవుతున్న ఫైలు సగంలో తెగుతుంది.

- డ్రైవ్ అడాప్టర్, హబ్ అడాప్టర్ రెండూ కంప్యూటర్ ఉన్న యూపీఎస్‌కే ఇవ్వండి. డ్రైవ్ నడుస్తున్నప్పుడు తినేది 10 వాట్ల లోపే కాబట్టి యూపీఎస్‌కి బరువేమీ కాదు. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఆ లెక్క ముందు చూసుకోండి.
- కొన్ని యూపీఎస్‌లలో బ్యాటరీ బ్యాకప్ లేని సాకెట్లు కూడా ఉంటాయి. అందులో పెట్టారేమో చూడండి.
- యూపీఎస్ లేకుండా ఇంటి ఇన్వర్టర్ మీదే నడిపితే, దాని స్విచ్‌ని ‘యూపీఎస్ మోడ్’లో పెట్టండి. మామూలు మోడ్‌లో మెయిన్ నుంచి బ్యాటరీకి మారేసరికి ఆలస్యమై డ్రైవ్ ఒక్కసారి ఆగి మొదలవుతుంది.
- ఇనుప ఎన్‌క్లోజర్ మీద చేయి ఆనిస్తే సన్నగా జుమ్మంటోందా? రెండు పిన్నుల అడాప్టర్లలో లీకయ్యే అతి చిన్న కరెంటు అది. కంప్యూటర్‌కి ఎర్తింగ్ సరిగా ఉంటే యూఎస్‌బీ కేబుల్ ద్వారా అది భూమిలోకి పోవాలి. జుమ్మంటోందంటే మీ సాకెట్‌కి ఎర్తింగ్ లేదని అనుమానించి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.
- ఉరుములు మొదలైతే స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ పీకేయండి. స్పైక్ బస్టర్ దగ్గర్లో పడిన పిడుగును ఆపలేదు.

8. ఆన్ చేసే వరుస, ఆపే వరుస

పెట్టేటప్పుడు:

1. అడాప్టర్ పిన్ను డ్రైవ్‌లో పెట్టండి.
2. తర్వాత గోడ స్విచ్ వేయండి.
3. డిస్క్ తిరుగుడు అందుకునేదాకా పది సెకన్లు ఆగండి.
4. అప్పుడు యూఎస్‌బీ కేబుల్ కంప్యూటర్‌కి పెట్టండి.

తీసేటప్పుడు:

1. కాపీ ముగిసిందని చూసి, టాస్క్‌బార్‌లో డ్రైవ్ బొమ్మ మీద నొక్కి ఎజెక్ట్ కొట్టండి.
2. ‘తీసేయొచ్చు’ అన్నాక యూఎస్‌బీ కేబుల్ తీయండి.
3. అడాప్టర్ స్విచ్ ఆపండి.
4. పదిహేను సెకన్లు ముట్టుకోకండి.

ఆ చివరి మాట డాక్ వాడేవాళ్లకు ముఖ్యం. పవర్ ఆపిన వెంటనే డిస్క్‌ని పైకి లాగితే అది చేతిలో బొంగరంలా ఒక పక్కకు ఎదురుతిరుగుతుంది. లోపల ఇంకా తిరుగుతోందని అర్థం. అప్పుడు జారి టేబుల్‌కి తగిలితే ఇక అంతే.

9. విండోస్ చేసే పొదుపును ఆపండి

పవర్ అంతా బాగుండి కూడా డ్రైవ్ ఖాళీగా ఉన్నప్పుడు నిద్రపోయి, క్లిక్ చేస్తే పది సెకన్లు తడబడుతుంటే తప్పు సెట్టింగులది.

- కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగులు తెరవండి.
- ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ని డిజేబుల్ చేయండి.
- ‘టర్న్ ఆఫ్ హార్డ్ డిస్క్ ఆఫ్టర్’ మామూలుగా 20 నిమిషాలు ఉంటుంది. పెద్ద బ్యాకప్‌లు నడిపే రోజుల్లో ‘నెవర్’ పెట్టండి.
- డివైస్ మేనేజర్‌లో ‘యూఎస్‌బీ రూట్ హబ్’ మీద పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ కనిపిస్తే, కంప్యూటర్ దీన్ని ఆపేయొచ్చు అనే టిక్కు తీసేయండి. కొన్ని సిస్టమ్‌లలో ఆ ట్యాబే ఉండదు, కంగారు పడకండి.

కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా పోర్టబుల్ డ్రైవ్ లైటు వెలుగుతూనే ఉంటే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే మదర్‌బోర్డు సెట్టింగులు) ‘ఈఆర్‌పీ’ అనే సెట్టింగ్ వెతికి ఎనేబుల్ చేయండి.

10. రాత్రంతా నడిచే కాపీ పెట్టే ముందు ఒకసారి

- వెనక పోర్టు, పొట్టి కేబుల్, మధ్యలో ఇంకేమీ లేవు.
- అడాప్టర్ మీద పేరు రాసి ఉంది, వోల్టులు సరిపోయాయి.
- అడాప్టర్ కూడా యూపీఎస్ మీదే ఉంది.
- డ్రైవ్ గట్టి చోట ఉంది, దాని మీద పుస్తకాలు లేవు, గాలి ఆడుతోంది.
- స్లీప్ మోడ్ ఆపేసి ఉంది.
- 10 జీబీ ఫైలు ఒకటి ముందు కాపీ చేసి చూశారు, మధ్యలో ‘టుడుంగ్’ వినపడలేదు.

11. గుర్తును బట్టి కారణం

పెద్ద ఫైళ్లకే పోతోంది, చిన్నవాటికి కాదు: పోర్టు లేదా కేబుల్ చాలట్లేదు. 2, 3 భాగాలు చూడండి.

రెండో డ్రైవ్ పెట్టగానే మొదటిది పోతోంది: హబ్ లేదా డాక్ అడాప్టర్ చిన్నది.

అర్ధరాత్రి ఎప్పుడో పోయింది, కారణం తెలియదు: విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి 157 నంబరు వెతకండి. డిస్క్ చెప్పాపెట్టకుండా తీసేయబడింది అని దాని అర్థం. ఆ టైముకే మీ వీధిలో కరెంటు పోయిందేమో పోల్చి చూడండి.

పవర్‌దా, కేబుల్‌దా తేలట్లేదు: డ్రైవ్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో డ్రైవ్ వివరాలు తెరవండి. ‘పవర్-ఆఫ్ రిట్రాక్ట్ కౌంట్’ రోజురోజుకూ పెరుగుతుంటే పవర్ తెగుతోంది. ‘సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్’ పెరుగుతుంటే డేటా కనెక్షన్ లూజుగా ఉంది. డాక్‌లో అయితే డ్రైవ్‌ను తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి.

యూఎస్‌బీ టెస్టర్ (పోర్టుకీ కేబుల్‌కీ మధ్య పెట్టే చిన్న వోల్టు మీటరు) పెట్టి కొలుద్దామనుకుంటే: యూఎస్‌బీ 3కి పనిచేసేదే కొనండి. పాత రకం టెస్టర్ మధ్యలో పెడితే డ్రైవ్ యూఎస్‌బీ 2.0 వేగానికి దిగిపోతుంది, మీరు కొలిచేది అసలు పరిస్థితి కాదు. డ్రైవ్ రాస్తున్నప్పుడు అంకె 4.75 కంటే కిందకు పోతుంటే కేబుల్, పోర్టు మార్చండి.

పవర్ స్థిరపడింది, కానీ ఫోల్డర్ తెరిస్తే ఎర్రర్ వస్తోంది: ముఖ్యమైన ఫైళ్లు ముందు వేరేచోటికి కాపీ చేసుకోండి. చెక్‌డిస్క్ ఆ తర్వాతే.

మంచి పోర్టు, పొట్టి కేబుల్, వేరే కంప్యూటర్, సరైన అడాప్టర్ అన్నీ మార్చి చూసినా లోపలి నుంచి అదే లయలో ‘టక్ టక్’ అంటోంది: ఇది కరెంటు సమస్య కాదు, లోపల హెడ్ (డిస్క్ మీది డేటా చదివే భాగం) దెబ్బతిన్నట్టు. ఫ్రిజ్‌లో పెట్టడం, తట్టడం లాంటి చిట్కాలు ప్రయత్నించొద్దు. వెంటనే ప్లగ్ తీసేయండి, మళ్లీ పవర్ ఇవ్వకండి. అందులోవి పోగొట్టుకోలేని ఫైళ్లయితే, డ్రైవ్‌ను ‘క్లీన్ రూమ్’లో (దుమ్ము చొరబడని ప్రత్యేక గది) విప్పే సౌకర్యం ఉన్న డేటా రికవరీ వాళ్లకే ఇవ్వండి. ఇచ్చే ముందు ‘ఫైళ్లు రాకపోతే ఎంత తీసుకుంటారు’ అని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.